చెక్క పడిందా

తమ్ముడికి,

అక్క ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం, నువ్వూ క్షేమమని తలుస్తాను అని మొదలుపెట్టడం పద్ధతి. ఈ మధ్య నీకు పద్ధతులంటే మహా గౌరవమని నీ ఉత్తరం చదివాక తెలిసింది కాబట్టి పద్ధతి తప్పకుండానే రాశాను. అమ్మ బాగానే ఉంది. నాకేం, గుండ్రాయిలా ఉన్నాను. నాన్న సంగతి ఒక్క ముక్కలో తేలేది కాదు, కింద రాస్తాను.

ఆ కొండల్లో మీరు రోడ్డు వేసే చోట ఫోను పలకదని నువ్వు ఉత్తరాలు మొదలుపెట్టడం ఒకందుకు మంచిదే అయింది. ఫోన్లో అయితే నాకు ఒళ్లు మండే చోటుకి మాట వచ్చేసరికి నీకు సరిగ్గా వినపడదు, లైను తెగిపోతుంది. కాగితానికి ఆ సౌకర్యం లేదు. చించి పారేసినా ముందు చదివే చించుతావు, నీ సంగతి నాకు తెలియదా.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు. అమ్మ మాత్రలు వేసుకుంటోంది. మంచినీళ్ల గ్లాసుతో నేను ఎదురుగా నిలబడితే వేసుకుంటుంది, లేకపోతే మర్చిపోయాను అంటుంది. మర్చిపోవడం ఈ ఇంట్లో మీ నాన్న ఒక్కరికే ఇచ్చిన హక్కా అని కూడా అంటుంది. ఆ మాట నాన్నకి వినపడేలా అనొద్దని ఎన్నిసార్లు చెప్పినా వినదు.

నాన్న కాలు ఎలా ఉందన్నావు. కాలికేం, బ్రహ్మాండంగా ఉంది. ఎముక అతుక్కుంది. మడమ పూర్తిగా తిరగదు గానీ చేతికర్ర పట్టుకుని వీధి చివర చెప్పులు కుట్టే ఆయన దగ్గరిదాకా వెళ్లి, కాసేపు కూర్చుని వస్తున్నాడు. మెల్లగా జీపు తోలడం మొదలుపెట్టొచ్చు, క్లచ్చు తొక్కితే ఆ మడమకే మంచిదని డాక్టరమ్మ చెప్పింది. జీపు మాట ఎత్తగానే ఈయన గోడవైపు చూశాడు. చెడింది కాలు కాదురా.

స్టవ్వు ఆపుతాడు. నేను చూస్తుండగానే ఆపుతాడు. రెండడుగులు వేసి, నేను స్టవ్వు ఆపానా అని అమ్మని అడుగుతాడు. తలుపు గడియ పెట్టి, మళ్లీ వచ్చి దాన్ని చేత్తో పట్టుకుని ఊపి చూస్తాడు. మందు బిళ్ల మింగి, ఖాళీ అయిన రేకు చేతిలో పట్టుకుని, వేసుకున్నానంటావా అని నన్ను అడుగుతాడు. ఇన్నేళ్లు జనరేటరు అద్దెకి తిప్పుతూ, ఎవరి దుకాణానికి ఎంత లోడు పడుతుందో, ఏ హాల్లో ఏ స్విచ్చు వదులో కాగితం చూడకుండా చెప్పిన మనిషి. డాక్టరమ్మకి చూపించాను. ఆవిడ ఓపిగ్గా ఏవేవో అడిగింది, అన్నీ సరిగ్గా చెప్పాడు. నాకంటే మీ నాన్నగారి జ్ఞాపకమే నయం అని నవ్వింది కూడా. లేచి వస్తూ వస్తూ ఆవిడనే అడిగాడు, నేను చెప్పినవన్నీ నిజమేనా అమ్మా అని. ఆవిడకి అర్థం కాలేదు. నాకు అర్థమైంది. నీకూ అర్థమవుతుంది, చదువు.

జనరేటర్ ట్రాలీ ఎవరు లాగుతున్నారు, డ్రైవర్ని పెట్టుకోండి, ట్రాలీ తగిలించుకుని రివర్సు తీయడం అక్క వల్ల ఎక్కడవుతుంది అని రాశావు. అవుతోంది నాయనా. మొదట్లో కాలేదు, ఒప్పుకుంటాను. స్టీరింగు ఎడమకి తిప్పితే ట్రాలీ కుడికి పోయేది, కంగారుపడి ఇంకా తిప్పితే జీపూ ట్రాలీ మోచేయిలా మడతపడేవి. అలా మడతపడే ఒకరోజు ఎదురింటి దర్జీ ఆవిడ గేటు సొట్టపెట్టాను. ఆవిడ బయటికి వచ్చి, ఏమ్మా, గేటుకి కొలతలు తీయడానికి వచ్చావా అంది. ఆ సొట్ట ఇప్పటికీ అలాగే ఉంది. నన్ను చూసినప్పుడల్లా దాన్ని ఆప్యాయంగా తడుముతుంది.

తర్వాత నాన్న నీకు నేర్పిన మాట గుర్తొచ్చింది. చేయి స్టీరింగు పైన కాదురా, కింద పెట్టు, కింద చేయి ఎటు జరిగితే ట్రాలీ తోక అటు జరుగుతుంది అనేవాడు. కొంచెం కొంచెం తిప్పు, అద్దాలు రెండూ చూడు, వంకర పోతే మొండికేయకుండా ముందుకెళ్లి మళ్లీ మొదలుపెట్టు, అందులో నామోషీ లేదు అనేవాడు. నీకు సీట్లో కూర్చోబెట్టి నేర్పాడు. నేను వంటింటి కిటికీలోంచి నేర్చుకున్నాను. ఇప్పుడు ఆ మార్కెట్టు వెనక సందులో ఒక్క దెబ్బలో వెనక్కి పెడుతున్నాను. నీకు రెండు దెబ్బలు పట్టేది, నాకు గుర్తుంది.

మొన్న ఒక పని నుంచి వస్తూ వంతెన దిగుతున్నాను. టెంట్లు అద్దెకిచ్చే ఆయన మనుషులు తొందరలో కేబులు చుట్టలన్నీ ట్రాలీ వెనక అంచున పడేశారు. నేనూ చూసుకోలేదు. బరువు చక్రాలకి ముందుండాలి, వెనకేస్తే ట్రాలీయే జీపుని తోలుతుంది అని నాన్న చెప్పేవాడు కదా, నిజంగానే తోలింది. వెనక నుంచి ఎవరో భుజాలు పట్టి ఇటూ అటూ కుదిపినట్టు జీపు ఊగిపోయింది. కాలు బ్రేకు మీదికే పోయింది. అప్పుడు నాన్న గొంతు చెవిలో పలికింది. ఊగినప్పుడు బ్రేకు తొక్కకు, స్టీరింగుతో కుస్తీ పట్టకు, యాక్సిలేటరు మీద కాలు తీసెయ్, అదే దారికొస్తుంది. తీసేశాను. దారికొచ్చింది. వంతెన దాటి పక్కకి ఆపి, అక్కడే ఆ చుట్టలన్నీ ముందుకి మార్చాను.

ఇంటికొచ్చి, నీ మాటే నన్ను కాపాడింది నాన్నా అని చెప్పాను. ఏ మాట అన్నాడు. చెప్పాను. నేనలా చెప్పానా, బ్రేకు తొక్కమనే చెప్పి ఉంటానేమో, ఎందుకైనా మంచిది ఇంకెవరినైనా అడుగు అన్నాడు. ఆ పూట నాకు అన్నం సయించలేదురా.

ట్రాలీకి బేరం కుదిర్చాను, నా స్నేహితుడే, బ్యాటరీల కొట్టు ఉంది, మంచివాడు, ఇచ్చేయండి అని రాశావు. ఇవ్వం. మంచివాడు కావొచ్చు, అయినా ఇవ్వం. దాని ముందు కమ్మీకి ఇంకా గోడ సున్నం అంటుకునే ఉంది, నేను తుడవలేదు. నోరులేని సాక్షి ఒక్కటి మిగిలింది, దాన్నీ అమ్మేయమంటావా?

ఇక నీ శుభవార్త. నీ ఉత్తరం అమ్మ వరండాలో కూర్చుని పైకి చదివింది. నాన్న కుర్చీలో ఉన్నాడు, నేను మెట్ల మీద, ట్రాలీని జీపుకి తగిలించే పిన్నుకి గ్రీజు రాస్తున్నాను. నీ ఉద్యోగం ఖాయం చేశారని చదివి అమ్మ కళ్లు తుడుచుకుంది. కొత్తగా చేరే డ్రైవర్లకి బండి నిలపడం, ట్రాలీ విప్పడం నేర్పే పని నీకే అప్పజెప్పారని చదివింది. ఎంత పల్లంలో అయినా, ఎంత తొందర ఉన్నా, సీట్లో ఉన్నవాడు చెక్క పడిందా అని గట్టిగా అడగాలి, కింద ఉన్నవాడు చక్రానికి చెక్క అడ్డం పెట్టి పడింది అనాలి, ఆ మాట వినకుండా పిన్ను తీయకూడదు. ఈ పద్ధతి నువ్వే తెచ్చావని ఇంజనీరుగారు నలుగురిలో మెచ్చుకుని, దానికి నీ పేరే పెట్టేశారని రాశావు. నాన్న కడుపున పుట్టినవాడివి, నాన్న సొత్తు నీది కాకుండా పోతుందా, అంతవరకూ ఊరుకుందును.

ఆ కింద ఇంకో పేరా రాశావు. కొత్తవాళ్లకి బాగా నాటుకోవాలని ప్రతిసారీ మన ఇంటి సంగతే చెబుతున్నావట. మా నాన్న ముప్ఫై ఏళ్లు ట్రాలీ లాగిన మనిషి, ఒక్కరోజు అడగకుండా విప్పాడు, కాలు పోగొట్టుకుని మూల కూర్చున్నాడు, అంతటివాడికే తప్పలేదు, మీరెంత అని. వాళ్లు నిశ్శబ్దంగా వింటారట. కొందరికి కళ్లలో నీళ్లు తిరుగుతాయట.

ఆ పేరా మళ్లీ చదవమన్నాడు నాన్న. అమ్మ మళ్లీ చదివింది. విని నవ్వాడు. ఆసుపత్రి నుంచి వచ్చాక నేను చూసిన మొదటి నవ్వు అది. పోనీలే, నా తప్పు పదిమంది కాళ్లు కాపాడుతోందంటే అంతకన్నా ఏం కావాలి అన్నాడు.

ఒరేయ్, ఆ నవ్వు నువ్వు చూడాల్సింది.

ఆ రోజు ఏం జరిగిందో నీకు రాయడమేంటి, నీకు తెలియదా అంటావు. తెలుసు. కానీ నువ్వు ఇప్పటికి ఎంతోమందికి ఇంకోలా చెప్పావు. ఒక్కసారైనా జరిగింది జరిగినట్టు ఎక్కడో ఒకచోట ఉండాలి కదా, ఈ కాగితం మీద ఉండనీ.

హాలు పక్క సందు. కిందికి జారుడుగా ఉంటుంది. నాన్న జీపు ఆపి, హ్యాండ్ బ్రేకు లాగి, గేరులో ఉంచి, ముందు చక్రాలు గోడవైపు తిప్పాడు. నేను హాలు వెనక గుమ్మం దగ్గర కేబులు చుడుతున్నాను, మీకూ నాకూ మధ్య ఒక గుంజ అడ్డం, అంతే. చెక్క పడిందా అని నాన్న అరిచాడు. పడింది నాన్నా అన్నావు. నీ చేతిలో చెక్క లేదు. రెండు చెక్కలూ ఇంకా ట్రాలీ మీదే ఉన్నాయని తర్వాత చూశాను. నీకది పాత అలవాటు. ఆయన అడగడం, నువ్వు పడింది అంటూ చెక్క తీయడం, తీస్తూ పెట్టడం. చేయి చెక్క మీద ఉన్నాకే నోరు తెరవాలిరా అని నాన్న నిన్ను అదివరకే తిట్టాడు. అన్నిసార్లు అడిగి, అన్నిసార్లు పలికితే మాట ముందు పరిగెత్తి పని వెనకబడుతుంది, అది ఎవరికైనా జరిగేదే. ఆ రోజు నోరు పలికింది, ఈలోగా హాలు మేనేజరు లైట్ల గురించి ఏదో అడిగాడు, నువ్వు అటు తిరిగి మాట్లాడుతూ నిలబడ్డావు. ట్రాలీకి సరిగ్గా వెనక, పల్లం వైపు, వీపు పెట్టి.

నాన్న దిగి, గొలుసు విప్పి, పిన్ను తీశాడు. ట్రాలీ కదిలింది. వదిలేసి పక్కకి దూకితే ఆయనకి గోరు కూడా ఊడేది కాదు. దూకలేదు. ముందు కమ్మీ రెండు చేతులా పట్టుకుని, ఒంట్లో బలమంతా పెట్టి అడ్డంగా తిప్పాడు. ట్రాలీ నీ వైపు రాకుండా వంకర తిరిగి గోడకి కొట్టుకుంది. కమ్మీకీ గోడకీ మధ్య ఆయన కాలు ఉండిపోయింది. చప్పుడు వినపడ్డాక నువ్వు వెనక్కి తిరిగావు.

ఆసుపత్రిలో కళ్లు తెరవగానే, వాడికేం కాలేదు కదా అన్నాడు. అప్పుడు నువ్వు మంచం కాళ్ల దగ్గరే ఉన్నావు. అమ్మ నీ చొక్కా పట్టుకుని, ఎలా జరిగిందిరా, చెక్క పెట్టలేదా అని ఏడుస్తోంది. నువ్వు నేల చూపులు చూస్తూ, నాన్న అడగలేదమ్మా, అడక్కుండా విప్పేశాడు అన్నావు. నాన్న నీ మొహం వైపు చూశాడు. ఆ చూపు నాకు ఇంకా కళ్లకి కట్టినట్టే ఉంది. నేను అడిగినట్టు గుర్తే అన్నాడు మెల్లగా. లేదు నాన్నా అన్నావు. అవునా అన్నాడు. అంతే. ఆ అవునా అన్న దగ్గర నుంచే ఆయనకి స్టవ్వు మీదా గడియ మీదా నమ్మకం పోవడం మొదలైంది.

నిన్ను బస్సు ఎక్కించడానికి వచ్చిన రోజు నిలదీశాను, జ్ఞాపకముందా? చేతిలో సంచి కింద పెట్టి ఏడ్చావు. ఇప్పుడు తెలిస్తే ఏ కంపెనీవాడు బండి చేతికిస్తాడక్కా, ఉద్యోగం ఖాయం కానివ్వు, మర్నాడే నేనే చెప్తాను, అప్పటిదాకా నోరు మూసుకో అన్నావు. సరే అన్నాను. చిన్నవాడివి, భయపడ్డావు, భయం తగ్గితే నీ అంతట నువ్వే చెబుతావనుకున్నాను. నెలలు గడిచాయి. ఉద్యోగం ఖాయమైంది. కబురు కూడా వచ్చింది, పైన రాశాను కదా, ఎంత చక్కగా వచ్చిందో.

చెక్క పెట్టకపోవడం పొరపాటు. దానికి నిన్ను నేను ఎన్నడూ ఒక్క మాట అనలేదు, ఇప్పుడూ అనను. అడగలేదనడం పొరపాటు కాదురా. ఆయన కాలు పోయిందని నువ్వు వాళ్లకి చెబుతున్నావు. కాలు ఉంది. నువ్వు తీసుకుపోయింది ఇంకోటి, అది నీ దగ్గరుంది.

ఇక నేను చేసిన పని. ఇంతసేపూ వాయిదా వేశాను, ఇప్పుడు రాస్తున్నాను. నీకిచ్చిన మాట తప్పాను. నీ ఉత్తరం చదివిన రోజే, అమ్మ దాన్ని ఇంకా మడత పెట్టకముందే, గ్రీజు చేతులతోనే లేచి నాన్న ఎదురుగా నిలబడి చెప్పేశాను.

"నాన్నా, ఆ రోజు నువ్వు అడిగావు. నేను విన్నాను. వాడు పడిందన్నాడు. అదీ విన్నాను."

 కర్ర మీద గడ్డం ఆనించి కూర్చున్నాడు.  ఇప్పుడు కోపంతో లేస్తాడు, నిన్ను తిడతాడు, నన్ను తిడతాడు, ఏదో ఒకటి చేసి మళ్లీ మామూలు మనిషి అవుతాడు అనుకున్నాను.

"నాకూ అడిగినట్టే ఉంటుందమ్మా," అన్నాడు. "కానీ వాడు అబద్ధం ఎందుకు చెబుతాడు?"

భయపడి చెప్పాడు నాన్నా అన్నాను.

"నా దగ్గర వాడికి భయమేంటి?"

 దానికి జవాబు నీ దగ్గర ఉంటే నువ్వే చెప్పు. తర్వాత ఆయన గొంతు మారింది. స్టీరింగు నీకిచ్చి కేబులు చుట్టలు నాకిచ్చాడని నాకు మొదట్నుంచీ కడుపులో మంట ఉందట. తండ్రి మీద జాలితో ఒక అబద్ధం, తమ్ముడి మీద కక్షతో ఒక నింద, రెండూ ఒకే మాటలో పెట్టి తెచ్చానట. నా జ్ఞాపకం నన్ను మోసం చేసింది చాలు, నువ్వూ చేయకు అన్నాడు. కడుపులో ఉన్న మాట నిజమే, నేను కాదనను. నీకంటే ముందు పుట్టాను, నీకంటే బాగా తోలుతాను, అయినా కిటికీలోంచే నేర్చుకున్నాను. దాని కోసం ఆయన కాలిని వాడుకునేదాన్నా నేను?

అమ్మ మాత్రం నన్ను వంటింట్లోకి లాక్కెళ్లి తలుపు వేసింది. వాడిప్పుడిప్పుడే నిలదొక్కుకుంటున్నాడు, ఇప్పుడెందుకే ఇవన్నీ తవ్వడం, జరిగింది జరగకుండా పోతుందా అని గుసగుసగా తిట్టింది. అమ్మ నమ్మిందన్నమాట. నమ్మబట్టే తిట్టింది. నమ్మినా ఆయన దగ్గర నోరు విప్పదు. నీ మీది ప్రేమ అంత గొప్పది. మధ్యలో ఆయన ఒక్కడే పిచ్చివాడు.

ఆ రోజు నుంచి నాన్న నాతో సూటిగా మాట్లాడడు. దాన్ని అన్నానికి రమ్మను అని అమ్మతో చెబుతాడు, నేను పక్కనే ఉంటాను.

నువ్వు అడగని సంగతి ఒకటి ఉంది. ట్రాలీ లాగేటప్పుడు నాకు కింద పలికే మనిషి ఎవరనుకున్నావు? అమ్మ. నడుం పట్టుకుని వంగి, చెక్కలు రెండూ చక్రాలకి పల్లం వైపు దూర్చి, కాలితో తన్ని చూసి మరీ పడింది తల్లీ, పడింది, ఇంకేం చేయమంటావు అంటుంది. నీకంటే నమ్మకంగా పలుకుతుంది. మా ఇద్దరి కేకలు వినపడగానే నాన్న లోపలికి వెళ్లిపోయేవాడు.

నిన్న మధ్యాహ్నం కట్టుబడి పని దగ్గర్నుంచి వచ్చి, మన ఇంటి ముందు ఆ జారుడులో బండి ఆపాను. అమ్మని దారిలో కూరల దుకాణం దగ్గర దింపానన్న ధ్యాస లేదు. బ్రేకు మీద కాలు పెట్టి, అలవాటుగా, చెక్క పడిందా అని అరిచాను. జవాబు లేదు. అప్పుడు గుర్తొచ్చింది. అద్దంలో చూస్తే వరండాలో నాన్న లేచి నిలబడ్డాడు. కర్ర చేతిలోకి తీసుకున్నాడు. ఒక మెట్టు దిగాడు. నోరు తెరిచాడు. వచ్చి చెక్క పెడతాడు, పడింది అంటాడు అనుకున్నానురా. కాలు బ్రేకు మీద నుంచి తీయకుండా, అద్దం మీద నుంచి చూపు తిప్పకుండా కూర్చున్నాను.

ఆ మెట్టు మీదే ఆగిపోయాడు. సంచీతో అమ్మ వీధి మలుపు తిరిగి వచ్చేదాకా అలాగే నిలబడి, ఆవిడ గేటు తీయగానే అడిగాడు.

"ఇప్పుడు అది అడిగిందా? లేక నాకు అలా వినిపించిందా?"

అమ్మకేం తెలుసు, అప్పుడే వచ్చింది. ఏమోనండీ అంది. నేను సీట్లోంచి, అడిగాను నాన్నా, నేనే అడిగాను అని అరిచాను. నా మాట ఆయన లెక్కలో చెల్లదు కదా. నెమ్మదిగా వెనక్కి మెట్టు ఎక్కి కుర్చీలో కూర్చున్నాడు. అమ్మ సంచి కింద పెట్టి చెక్కలు దూర్చింది. పడింది అంది. నేను దిగాను.

అందుకే ఈ ఉత్తరం. నీ ఉద్యోగం జోలికి నేను రాను, మీ ఇంజనీరుగారికి ఒక్క ముక్క రాయను. అక్కడ నువ్వు నేర్పేది మంచి పద్ధతే, మానకు, ఆ పిల్లల కాళ్లు వాళ్లకి ఉండాలి. చెప్పే కథ నిజమైనది చెప్పు. అడగని వాడి కథ కాదు, చెక్క లేకుండా పలికిన వాడి కథ చెప్పు. వాళ్లకి ఉపయోగపడేది అదే. ఇంజనీరుగారు దానికి నీ పేరు పెట్టడం అప్పుడు నప్పుతుంది కూడా.

నాకు జవాబు రాయనక్కర్లేదు. నాన్న పేరు మీద ఒక కార్డు రాయి. క్షమించమని బతిమాలనక్కర్లేదు, కారణాలు చెప్పనక్కర్లేదు, ఆయన అవేమీ అడగడు. నువ్వు అడిగావు నాన్నా అని రాయి, చాలు. నేను చెబితే కక్ష, అమ్మ చెప్పదు, ఆయన నమ్మేది ఒక్క నిన్నే. నిన్ను నమ్మే కదా తనని తాను నమ్మడం మానేశాడు.

ఆ కార్డు వచ్చేదాకా ట్రాలీ అమ్మం. కార్డు రాకపోతే రాకపోయిందని నాకు తెలుస్తుంది, అంతకన్నా నేను చేయగలిగిందీ లేదు. రాస్తే మాత్రం ఈసారైనా చేయి చెక్క మీద పెట్టాకే నోరు తెరువు.

ఇట్లు,
ఆ రోజు గుంజ వెనక కేబులు చుడుతూ రెండు మాటలూ విన్న
నీ అక్క